పుస్తకమా, యంత్రమా? – బ్లాక్‌జాక్ ఆట నేర్చుకొన్న యొక యింటి ముచ్చట

గృహిణులు చదువు పత్రికలో జూదమును గూర్చిన వ్యాస మేమిటని సోదరీమణులు కొందఱు ఆశ్చర్యపడవచ్చును. జూదము మంచిదని చెప్పుటకు మేము కలము పట్టలేదు. చెడ్డదని చెప్పుటకును పట్టలేదు. ఆ మాట చెప్పినవారు మనలో అనాదిగా కలరు, వినినవారే తక్కువ. మేము చెప్పదలచినది వేఱు. ఇంటి సొమ్ము పందెపు బల్లమీదికి పోవుటకు ముందు, ఆ బల్లను గూర్చి ఎవరు, ఎక్కడ, ఏమి నేర్చుకొనిరి అను ప్రశ్న యొకటి యున్నది. ఆ ప్రశ్న మా కుటుంబములోనే పుట్టినది. దానికి సమాధానము దొరకిన తీరు ఇతర గృహములకును ఉపయోగపడునని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గత సంవత్సరము శీతకాలమున మేము అమెరికాలో, లాస్ ఏంజిలిస్ నగర సమీపమున కాపురమున్న మా పెద్దమ్మాయి యింటికి వెళ్లి మూడు నెలలుంటిమి. మా అల్లుడు కంప్యూటరు ఉద్యోగి, బుద్ధిమంతుడు. కాఫీ తప్ప వేఱొక వ్యసన మెఱుగనివాడు. మేము వెళ్లుటకు ముందు వేసవిలో స్నేహితులతో కూడి లాస్ వేగాస్ నగరమునకు పోయి, అచ్చటి జూదశాలలో బ్లాక్‌జాక్ అను పేకాట చూచి వచ్చెనట. ఆ శాలలోని ఆటలలో దీనికే సరియైన లెక్క కలదనియు, ఆ లెక్క తెలిసినవానికి నష్టము మిక్కిలి స్వల్పమనియు ఎవరో చెప్పగా విని, ఫోనులో ఒక అభ్యాసపు సాఫ్టువేరు దించుకొని, రాత్రి భోజనమైన పిమ్మట గంటసేపు సాధన చేయుచుండెను. మా అమ్మాయి మాత్రము ఊరి గ్రంథాలయమునుండి ఒక పాత పుస్తకము తెచ్చుకొని, పెన్సిలు చేతబట్టి, కాగితముమీద లెక్కలు వేసికొనుచు నెమ్మదిగా చదువుచుండెను.

డిసెంబరు సెలవులలో కుటుంబమంతయు ఆ నగరము చూడబోవుటకు నిశ్చయమైనది. ఈ పర్యాయము రెండువేల డాలర్లు వెంట తీసికొనిపోవలెనని అల్లుని సంకల్పము. ఆ రెండువేలును ఇల్లు కొనుటకై దంపతులు కూడబెట్టుచున్న సొమ్ములోనివి. కావున ఇది వినోదముగా మొదలైనను వినోదముగా మిగులలేదు.

"పుస్తకము ముగియుటకు నెల పట్టును, అత్తయ్యగారూ. ఇందులో నేను గంటకు మూడువందల చేతులు ఆడుచున్నాను. తప్పు చేసిన క్షణముననే ఎఱ్ఱదీపము వెలుగును" అని అతడు.

"తప్పని చెప్పును గాని, ఎందుకు తప్పో చెప్పదు గదా, అమ్మా!" అని ఆమె.

ఇరువురును మమ్ము మధ్యవర్తిగా కూర్చుండబెట్టిరి. సంక్రాంతినాడు పిల్లలతో ఆడినదే తప్ప పేకముక్క పట్టి యెఱుగని మేము, తీర్పు చెప్పుటకై ముందు ఆట నేర్వవలసి వచ్చినది.

ఆట తీరు

ఆట పైకి మిక్కిలి సులభము. రెండు మొదలు పది వఱకు గల ముక్కలకు వాని యంకెలే విలువ. రాజు, రాణి, జాకీ – ఈ మూడింటికిని పది. ఆసునకు ఒకటియో పదునొకటియో, ఏది యనుకూలమైన నది. పంచునతడు ఆటగానికి రెండు ముక్కలిచ్చి, తానును రెండు తీసికొని, తనవానిలో నొకటి మాత్రము పైకి కనబఱచును. ఆటగాడు కావలసిన మఱొక ముక్క అడుగవచ్చును, వలదనుకొన్న నిలువవచ్చును. పందెమును రెట్టించి ఒక్క ముక్క మాత్రము పుచ్చుకొనవచ్చును. రెండును ఒకటే విలువ గల ముక్కలైనచో వానిని రెండు చేతులుగా విడదీసి ఆడవచ్చును. మొత్తము 21 దాటెనా, పందెము పోయినట్లే. పంచునతనికి మాత్రము స్వేచ్ఛ లేదు. 16 వఱకు ముక్క తీయవలెను, 17 వచ్చిన పిమ్మట ఆగవలెను. చివర 21కి దగ్గఱగా నున్నవారిది గెలుపు. మొదటి రెండు ముక్కలే ఆసును పదియు నైనచో దానికే బ్లాక్‌జాక్ అని పేరు. దానికి పందెమునకు ఒకటిన్నర రెట్లు చెల్లించుట పూర్వాచారము.

ఇంత సమానముగా కనబడు ఆటలో శాలవారికి లాభమెక్కడిది? ఆటగాడు ముందు ఆడవలెను. అతడు 21 దాటిన వెంటనే సొమ్ము లాగికొందురు. తరువాత పంచునతడును దాటినచో ఆ సొమ్ము తిరిగి రాదు. శాలవారి లాభమునకు మూలమంతయు ఈ ముందువెనుకలలోనే యున్నది.

ఆట కొత్తది కాదు. స్పెయిను దేశపు రచయిత సెర్వాంటెస్ 1613లో ప్రకటించిన కథలలో ఇరువదియొకటి యను ఆట ప్రసక్తి కలదు. 1854లో, బంగారపు గనుల కాలమున, కాలిఫోర్నియాలోని నెవాడా సిటీ యను గ్రామమున ఎలినార్ డ్యూమాంట్ అను నొక స్త్రీ ఈ ఆటకే శాల తెఱచి, స్వయముగా ముక్కలు పంచినది. ఇన్ని తరముల ఆటగాండ్రకు పుస్తకమును లేదు, యంత్రమును లేదు, అనుభవమొక్కటే గురువు. ఆ గురువు ఈ విద్యలో మంచివాడు కాడు. వంటలో ఉప్పెక్కువైన నాలుక వెంటనే చెప్పును. పేకాటలో తప్పు చేసినవాడు తఱచుగా గెలుచును, ఒప్పు చేసినవాడు తఱచుగా ఓడును. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు చూచి నేర్చిన పాఠము పాఠమగునా? అందువలననే మూడువందల సంవత్సరములు ఆడియు లోకము ఈ ఆటకు సరియైన తీరు కనుగొనలేకపోయినది.

పుస్తకము పుట్టిన విధము

ఆ తీరును కనుగొన్నవారు జూదరులు కారు. అమెరికాలో మేరీలాండు రాష్ట్రమున అబెర్డీన్ సైనికస్థావరమున కొలువు చేయుచుండిన నలుగురు యువకులు – రోజర్ బాల్డ్విన్, విల్బర్ట్ కాంటీ, హెర్బర్ట్ మైసెల్, జేమ్స్ మెక్‌డెర్మాట్ – తీరిక వేళల బల్లమీది లెక్కల యంత్రములు ముందు పెట్టుకొని, ఏ చేతికి ఏమి చేసిన నష్టము తక్కువగునో నెలల తరబడి లెక్కించిరి. ఆ ఫలితమును 1956లో అమెరికా గణాంకశాస్త్ర సంఘపు పత్రికలో వ్యాసముగా ప్రకటించి, మఱుసటి యేట చిన్న పుస్తకముగా అచ్చొత్తించిరి.

1958 క్రిస్మస్ సెలవులలో ఎడ్వర్డ్ థార్ప్ అను గణితోపాధ్యాయుడు తన భార్య వివియన్‌తో కలిసి లాస్ వేగాస్ చూడబోయెను. ఆ సైనికుల పట్టికను ఒక కాగితముపై వ్రాసికొని, పది వెండి డాలర్లతో బల్లవద్ద కూర్చుండి, ఎనిమిదిన్నర పోగొట్టుకొని లేచెను. ఇంటికి తెచ్చుకొన్నది ఒక ప్రశ్న: ఒకసారి వాడిన ముక్క మరల కలుపువఱకు రాదు గదా, అట్లయినచో మిగిలిన ముక్కలనుబట్టి లాభనష్టములు మాఱవలదా? మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఐ.బి.యం. 704 అను పెద్ద కంప్యూటరు ఉండెను. దానికి ఆజ్ఞలు వ్రాయు భాషను నేర్చుకొని, ఆ ప్రశ్నను దాని ముందుంచెను. 1961లో శాస్త్రవ్యాసమును, 1962లో "బీట్ ది డీలర్" అను పుస్తకమును ప్రకటించెను. 1966లో ఐ.బి.యం. సంస్థలో పనిచేయుచుండిన జూలియన్ బ్రౌన్ చేసిన మేలైన లెక్కలతో దానికి రెండవ కూర్పు వచ్చినది. మా అమ్మాయి తెచ్చుకొన్నది ఆ రెండవ కూర్పే.

ఈ చరిత్ర చదివినప్పుడు మాకొక సంగతి స్పష్టమైనది. పుస్తకమునకును యంత్రమునకును మా యింట జరుగుచున్న కలహము కలహమే కాదు. ఆ పుస్తకమునకు కన్నతల్లి కంప్యూటరే. అల్లుని ఫోనులోని యెఱ్ఱదీపమునకు ముత్తాత ఆ నలుగురు సైనికుల కాగితము. ఒకే లెక్క రెండు మార్గములలో మా వంటయింటి బల్లమీదికి వచ్చి కూర్చున్నది.

పుస్తకము నేర్పునది

ఐనను మార్గము మాఱిన నేర్పు మాఱును. అమ్మాయి చదువులో మేము చూచినది హేతువు.

ఆటగానికి 12 ఉన్నది, పంచునతనికి 6 కనబడుచున్నది. ఏమి చేయవలెను? నిలువవలెను. ఎందుకనగా 6 చూపిన పంచునతడు నూటికి సుమారు 42 మార్లు తానే 21 దాటి చెడిపోవును. అతనిని చెడనిచ్చుటయే మేలు. అదే 10 చూపినచో అతడు చెడుట నాలుగవ వంతైనను కాదు. కావున 12తో నిలిచి యుండరాదు, ముక్క అడుగవలెను. ఈ మాట యొక్కటి మనస్సున పట్టెనా, పట్టికలో సగభాగము కంఠస్థము చేయకయే తెలియును.

ఆటగానికి 16, పంచునతనికి 10. ఇది అన్నింటికంటె కష్టమైన చేయి. ముక్క అడిగిన 13 పాళ్లలో 8 పాళ్లు చెడుటకే అవకాశము. నిలిచినను ఓటమియే యెక్కువ. నూరు డాలర్ల పందెమునకు సగటున ఎట్లు చేసినను 54 డాలర్ల ప్రాంతమున నష్టము. అడుగుటలో నష్టము వెండ్రుకవాసి తక్కువ. యంత్రము "అడుగుము" అని ఊరకొనును. పుస్తకము "అడుగుము, కాని ఇందు నీ దోషము లేదు, చేయియే చెడ్డది" అని యోదార్చును. ఈ యోదార్పు చిన్నదికాదు. ఓడినప్పుడెల్ల తప్పు తనదే యనుకొనువాడు, దానిని దిద్దుకొనుటకై పందెము పెంచును.

మూడవ యుదాహరణము గృహిణులకు చక్కగా అర్థమగును. పంచునతడు ఆసు చూపినప్పుడు "ఇన్సూరెన్సు తీసికొందురా?" అని మర్యాదగా అడుగును. పేరు వినిన మంచిదేమో యనిపించును. అది నిజమునకు వేఱొక పందెము: అతని మూసిన ముక్క పది విలువ గలదైనచో రెండింతలు ఇత్తురు, కానిచో పోవును. ఆఱు పేకలు కలిపిన ఆటలో 312 ముక్కలు. పది విలువ గలవి 96. కనబడిన ఆసు పోగా 311 మిగులును. వానిలో 215 మనకు ప్రతికూలము. ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క డాలరు పెట్టి చూడుడు: 96 మార్లు రెండేసి చొప్పున 192 వచ్చును, 215 పోవును. 23 డాలర్ల నష్టము, అనగా నూటికి ఏడు పైచిలుకు. అమ్మాయి ఈ లెక్కను పాల చీటీ వెనుక వేసి చూపినది. పేరునుబట్టి సరకు కొనరాదను మాట మన అంగళ్లకే గాదు, ఆ శాలకును వర్తించును.

పుస్తకమునకు దోషములు లేవా? కలవు. ఆ కూర్పునకు అఱువది సంవత్సరముల వయస్సు. నాటి ఆట ముఖ్యముగా ఒక్క పేకతో. నేటి ఆట తఱచుగా ఆఱు, ఎనిమిది పేకలతో. పుస్తకము తన సంగతి తాను చెప్పును గాని, ఎదురు ప్రశ్నకు బదులు చెప్పలేదు. అన్నింటికి మించి, చదివిన విద్య చేతికి రాదు. పుస్తకము సగము ముగించిన మా అమ్మాయి ముక్కలు పంచి పరీక్షింపగా, ప్రతి చేతికిని అర నిమిషము ఆలోచించినది. జూదశాల బల్లవద్ద అంత తడవు నిలుపువా రెవ్వరు?

యంత్రము నేర్పునది

అల్లుని చేయి మాత్రము వీణ వాయించు విద్వాంసుని చేతివలె తడుముకొనకుండ పోవుచుండెను. నూఱు ప్రశ్నలకు 98 సరియైన సమాధానములు. ఎక్కడ తప్పునో ఆ చేతినే మరల మరల ఎదుటికి తెచ్చి, సరిదిద్దువఱకు విడువని యోర్పు ఆ సాఫ్టువేరునకు కలదు. ఏ మానవగురువునకును అంత యోపిక లేదు. అంతేకాదు, నేటి కంప్యూటరు కోటిచేతుల ఆటను ఊహగా ఆడి సగటు తేల్చగలదు. నలుగురు సైనికులు నెలల తరబడి శ్రమించిన పని నేడు ఒక కాఫీ త్రాగునంత కాలమున ముగియును.

ఐనను మేము ప్రక్కన కూర్చుండి గమనించిన లోపములు కొన్ని యున్నవి. మొదటిది, ఊహాధనమునకు భయము లేదు. తెరమీద వేయి డాలర్లు పోయినను గుండె చలింపదు. ఆ నిర్భయత్వము నిజమైన బల్లవద్దకు వెంట రాదు. రెండవది, ఇంటర్నెట్టుపై దొరకు మాటలన్నియు ఒక్క తూకమువి కావు. లెక్కను నిజాయితీగా వివరించినవి యున్నవి. జూదశాలకు మనుష్యులను పంపి కూలి పుచ్చుకొనునవియు నున్నవి. పుస్తకమునకు వెల మనము ముందే యిత్తుము. ఉచితముగా నేర్పు పుటకు వెల ఎవరు ఇచ్చుచున్నారో విచారింపవలెను. మూడవది ముఖ్యమైనది: యంత్రము అడిగిన దానికే బదులు చెప్పును. అడుగనిది చెప్పదు.

ఆ మూడవ లోపమే డిసెంబరులో బయటపడినది.

బల్లమీది గుడ్డ

లాస్ వేగాస్ చేరిన మఱునాటి ఉదయము మేమందఱమును ఒక శాలలోనికి పోయితిమి. ఫోను జేబులో పెట్టుకొనుమని అమ్మాయి ముందే హెచ్చరించినది. నెవాడా రాష్ట్రమున జూదపు బల్లవద్ద లెక్కకు సాయపడు యంత్రమును వాడుట 1985 నుండి నేరము. పట్టిక అచ్చువేసిన చిన్న అట్టముక్కను చేతబట్టుకొనుటకు మాత్రము అనేక శాలలలో అభ్యంతరము లేదు. మూడు నెలల గురువు జేబులో మూగవోయినాడు; శిష్యుడు మిగిలెను.

పది డాలర్ల పందెపు బల్ల యొకటి కనబడినది. అల్లుడు కుర్చీ లాగికొనబోవుచుండగా అమ్మాయి అతని మోచేయి పట్టి, బల్లమీది పచ్చని గుడ్డను చూపినది. దానిమీద రెండు వాక్యములు అచ్చువేసి యున్నవి. ఒకటి: బ్లాక్‌జాక్‌నకు 5కు 6 చొప్పున చెల్లింపబడును. రెండు: పంచునతడు ఆసుతో కూడిన 17 వచ్చినను మఱొక ముక్క తీయును.

అల్లుడు ఆ వాక్యములను చదివెను గాని, వానిలో ప్రమాదమేమియు అతనికి తోచలేదు. అతని సాఫ్టువేరు ఆఱు పేకల ఆటకు, ఒకటిన్నర రెట్ల చెల్లింపునకు, 17లో నెట్లయినను ఆగు పంచునతనికి సరిపెట్టబడి యుండెను. దించుకొన్ననాడు అది యెట్లుండెనో అట్లే యుంచినాడు. ప్రక్కనున్న కాఫీ అంగడిలో కూర్చుండి అమ్మాయి లెక్క వేసినది. పది డాలర్ల పందెమునకు బ్లాక్‌జాక్ వచ్చినచో పూర్వాచారము ప్రకారము 15 రావలెను. ఈ బల్లపై వచ్చునది 12. మూడు డాలర్లు తక్కువ. బ్లాక్‌జాక్ సుమారు 21 చేతులకు ఒకసారి వచ్చును. అనగా 210 డాలర్ల పందెమునకు మూడు డాలర్ల అదనపు సుంకము. నూటికి సుమారు 1.4. పాత నియమము గల మంచి బల్లపై పట్టిక తప్పక ఆడువానికి నూటికి అర డాలరు ప్రాంతమున నష్టము. ఇక్కడ అది దాదాపు రెండు డాలర్లు. ఆటలో నేర్పు చూపి మిగుల్చుకొన్న దంతయు గుడ్డమీది యొక్క వాక్యము మ్రింగినది.

ఒకటిన్నర రెట్లు చెల్లించు బల్ల ఆ శాలలో లేకపోలేదు. దానిపై ఒక్కొక్క చేతికి నూఱు డాలర్లకు తక్కువ పెట్టరాదు.

అల్లుడు కొంత చిన్నబోయెను. అంత దూరము వచ్చి ఆడక పోవుట కష్టమనిపించినది. నూఱు డాలర్లు మాత్రము తీసి, తక్కిన సొమ్ము మా చేతి సంచిలో వేసి, గంటసేపు ఆ పది డాలర్ల బల్లవద్దనే కూర్చుండెను. ఒక్క తప్పును చేయక ఆడినాడని తరువాత తానే చెప్పెను. తన సాఫ్టువేరు ప్రకారమది నిజమే. ఆ బల్ల ప్రకారము కాదు. పంచునతడు ఆసు చూపినప్పుడు 11తో పందెము రెట్టింపవలెనని ఆ బల్ల నియమము చెప్పుచుండగా, తన కలవాటైన నియమము చొప్పున అతడు రెట్టింపలేదు.

లేచునప్పటికి అతని చేతిలో 185 డాలర్లున్నవి. ఎనుబదియైదు గెలిచెను!

గెలుపు నేర్పిన తప్పుడు పాఠము

ఓడియుండినచో ఈ కథ అక్కడనే ముగిసియుండును. గెలిచినందువలన అసలు చిక్కు మొదలైనది. ఆ రాత్రి భోజనమువద్ద అతడు ఉత్సాహముగా, "నీ లెక్కలు కాగితముమీదివి. బల్లవద్ద సంగతి వేఱు. రేపు ఏబదేసి డాలర్ల చొప్పున ఆడెదను" అనెను. రెండువేలును ఇమ్మని మా వైపు చేయి చాచెను.

మేము సంచి తీసి యిచ్చుట యెట్లు? ఇయ్యకుండుట యెట్లు? సొమ్ము వారిది. అల్లుని మాట త్రోసివేయుట అత్తగారికి తగదు. అమ్మాయి మాత్రము కోపపడలేదు, ఏడ్వలేదు. "సరే, నా కాగితము వలదు. మీ యంత్రమునే అడుగుడు. ఈ బల్లమీద వ్రాసియున్న నియమములు దానికి చెప్పి అడుగుడు" అనినది.

అతని వెంట తెచ్చుకొన్న కంప్యూటరులో కోటిచేతుల ఆట నడుపు సాఫ్టువేరు కూడ ఉండెను. అందులో రెండు నియమములను మార్చి, ఆటను నడిపించెను. తెరమీద వచ్చిన యంకె: నూఱు డాలర్ల పందెమునకు రెండు డాలర్ల నష్టము, ఇంచుమించుగా. కాఫీ అంగడి కాగితముమీదనున్న యంకెయే.

తరువాత అమ్మాయి రెండవ ప్రశ్న అడిగించినది: గంటకు డెబ్బది చేతులు ఆడినచో గెలుపోటములు ఎంత దూరము ఊగును? పది డాలర్ల పందెమునకు ఒక గంటలో ఇటు నూఱు, అటు నూఱు ఊగుట సామాన్యమని తేలినది. అనగా ఉదయము గెలిచిన ఎనుబదియైదు నేర్పునకు సాక్ష్యము కాదు. గాలికి కదలిన కొమ్మ. అదే యేబది డాలర్ల పందెమైనచో, గంటకు 3,500 డాలర్లు బల్లపై తిరుగును. సగటు నష్టము 70. ఊగుట ఒక్క గంటకే సుమారు ఐదువందలు. ఒక సాయంకాలపు దురదృష్టమునకు రెండువేలును పోవుట అసంభవము కాదు.

అల్లుడు కొంతసేపు తెరవైపు చూచి, కంప్యూటరు మూసి, "అత్తయ్యగారూ, ఆ సంచి మీవద్దనే యుండనిండు" అనెను. మఱునాడు మేము హూవర్ ఆనకట్ట చూచి, యింటికి తిరిగి వచ్చితిమి.

సోదరీమణులకు మనవి

మా మధ్యవర్తిత్వము ఇట్లు ముగిసినది. ఎవరు గెలిచిరని అడిగినచో, ఇరువురును గెలిచిరని మా తీర్పు. యంత్రము లేకున్న అమ్మాయి లెక్కను అల్లుడు నమ్మకుండెడివాడు. పుస్తకము లేకున్న యంత్రమును ఆ ప్రశ్న అడుగవలెనని యెవరికిని తోచకుండెడిది. కావున ముందు పుస్తకము, పిదప యంత్రము: మొదటిదానివలన ప్రశ్న పుట్టవలెను, రెండవదానివలన చేయి తిరుగవలెను. ఏది చదివినను, ఏది సాధన చేసినను, "ఈ సమాధానము ఏ బల్లకు?" అని యొక్కసారి అడిగి తీరవలెను.

పోయిన ముక్కలను లెక్కించి శాలవారినే గెలువవచ్చునని థార్ప్ నిరూపించినమాట సత్యమే. చిన్నముక్క పోయిన ఒకటి కలుపుట, పది గాని ఆసు గాని పోయిన ఒకటి తీసివేయుట – పద్ధతి యింతే. కాని దానివలన నైపుణ్యము గలవానికి వచ్చునది నూటికి ఒకటి ప్రాంతము. దానికై పెద్ద మూలధనమును, సంవత్సరముల యోర్పును వలయును. లెక్కించుచున్నాడని తోచినవానిని నెవాడా శాలలవారు లేచిపొమ్మనవచ్చును. న్యూజెర్సీలో మాత్రము అట్లు వెళ్లగొట్టరాదని 1982లో అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ప్రతి చేతికిని ముక్కలను కొత్తగా కలుపు తెరమీది ఆటలలో ఈ లెక్క బొత్తిగా పనికిరాదు. మన దేశమున సంగతి వేఱు. డబ్బు పెట్టి ఇంటర్నెట్టుపై ఆడు ఆటలను తెలంగాణములో 2017లోను, ఆంధ్రప్రదేశములో 2020లోను చట్టములు సవరించి నిషేధించిరి. 2025 ఆగస్టులో భారత పార్లమెంటు దేశమంతటికిని అట్టి చట్టమునే ఆమోదించినది. అభ్యాసమని మొదలిడి డబ్బు అడుగు సాఫ్టువేరు మీ పిల్లల ఫోనులో కనబడినచో, అది గురువు కాదని గ్రహింపుడు.

నలోపాఖ్యానము మన యిండ్లలో తెలియనివారు లేరు. జూదమున రాజ్యము పోగొట్టుకొన్న నలునకు అక్షహృదయమును ఉపదేశించినవాడు ఋతుపర్ణుడు. దారిలోని తాండ్రచెట్టు ఆకులను కాయలను చూపుమాత్రమున లెక్కించి చెప్పగలవాడాయన. నలుడు ఆ మాటను గ్రుడ్డిగా నమ్మలేదు. చెట్టు కూల్చి, లెక్కించి, సరిపోయిన పిమ్మట ఆ విద్య గ్రహించెను. విద్య యుండవలెను, దానిని సరిచూచుకొనవలెను. అంతకు ముందే, జూదము సాగుచుండగానే, దమయంతి చేసిన పని మనము మఱువరాదు. ఆమె బిడ్డలిద్దఱిని రథమెక్కించి విదర్భకు, తన పుట్టింటికి పంపివేసినది. రాజ్యము పోయినను బిడ్డలు క్షేమముగా నుండిరి.

మేము తిరుగు ప్రయాణమునకు పెట్టె సర్దుకొనునాడు, ఆ రెండువేల డాలర్లును ఇంటి సొమ్ములో మరల జమయైనట్లు బ్యాంకు చీటీని అల్లుడే తెచ్చి చూపెను. గ్రంథాలయపు గడువు ముగియనున్న ఆ పాత పుస్తకమును మాత్రము తిరిగి ఇయ్యనీయక, మఱి రెండు వారములు గడువు పెంచుకొని, రాత్రి భోజనమైన పిమ్మట తానే చదువుచున్నాడు.